సర్కారు వెళ్ళాక ఎవరొస్తారు?

ద్వారకా తిరుమలలో మనవడికి పుట్టువెంట్రుకలు తీయించి ఇద్దరు వియ్యంకులు ఏలూరు తిరిగొచ్చారు. ఒకరు పవర్‌పేటలో ఉంటున్న రిటైర్డ్ చరిత్ర లెక్చరరు. వీధంతా మాష్టారనే పిలుస్తుంది. రెండోవారు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కమీషన్ షావుకారు, తమ వీధి రామాలయం కమిటీకి పెద్ద. 2025 జనవరి 5న గన్నవరం దగ్గర కేసరపల్లిలో విశ్వహిందూ పరిషత్ పెట్టిన ‘హైందవ శంఖారావం’ సభకు షావుకారు బస్సు మాట్లాడి మరీ జనాన్ని తీసుకెళ్ళారు. గుళ్ళ మీద ప్రభుత్వ పెత్తనం పోవాలన్నది ఆ సభ కోరిక. మాష్టారికి ఆ కోరిక మీద అనుమానాలున్నాయి. భోజనాలయ్యాక వరండాలో కూర్చోగానే మాట అక్కడికే చేరింది.

షావుకారు: ఏం బావగారూ, పొద్దున క్యూలో ఉన్నంతసేపూ గోడల మీద దాతల పేర్లు చదువుతూ గడిపేశారు. గోవింద నామం ఒక్కటీ వినబడలేదు.

మాష్టారు: లోపల అనుకున్నాలెండి. దాతల పేర్లలోనే గుడి చరిత్ర ఉంటుంది. మైలవరం జమీందారు ధర్మా అప్పారావు గోపురం, మండపం, ప్రాకారాలు కట్టించారు. తరువాత రాణీ చిన్నమ్మారావు నగలు, వెండి వాహనాలు ఇచ్చారు. అప్పట్లో రాజుగారు ఇచ్చేవారు, రాజుగారే చూసుకునేవారు. ఇప్పుడు ఇచ్చేది లక్షలమంది. మరి చూసుకోవాల్సింది ఎవరు? మన తగువంతా ఇక్కడే.

షావుకారు: తగువేముంది? మసీదులో ఈవో లేడు, చర్చిలో ఈవో లేడు. మా దేవుడి హుండీ పక్కనే కుర్చీ వేసుకు కూర్చున్నాడు. అన్ని మతాలకూ సమానదూరంలో ఉంటానన్న రాజ్యం మా గుళ్ళోనే కాపురం పెట్టిందేం? మేం కేసరపల్లిలో అడిగింది అదొక్కటే.

మాష్టారు: అడగాల్సిన ప్రశ్నే. కానీ సగమే అడిగారు. సర్కారు వెళ్ళాలన్నారు, బాగుంది. వెళ్ళేటప్పుడు తాళంచెవులు ఎవరి చేతిలో పెట్టాలి?

షావుకారు: భక్తుల చేతిలో.

మాష్టారు: ఏ భక్తుల చేతిలో?

షావుకారు: అదిగో, మీరు క్లాసులో పిల్లల్ని పట్టుకున్నట్టు పట్టుకుంటారు. దానికి తరవాత వద్దాం. ముందు ఇప్పుడున్న పెత్తనం తప్పని ఒప్పుకుంటారా లేదా?

మాష్టారు: పెత్తనం చేసినవారిలో మీ వాళ్ళూ ఉన్నారని మీరు ఒప్పుకుంటే, నేనూ ఒప్పుకుంటాను. మీ గూడెం ఈ రాష్ట్రానికి ఇద్దరు దేవాదాయ మంత్రులనిచ్చింది. 2014లో భాజపా నుంచి పైడికొండల మాణిక్యాలరావు. 2022లో వైకాపా నుంచి కొట్టు సత్యనారాయణ. గుళ్ళని సర్కారు వదలాలనే పార్టీ మనిషి దాదాపు నాలుగేళ్ళు ఆ శాఖకు మంత్రి. వదిలిపెట్టే బిల్లు ఒక్కటైనా వచ్చిందా?

షావుకారు: పాపం, మాణిక్యాలరావుగారు 2020లో కరోనాతో పోయారు. ఆయన్ని ఇప్పుడెందుకు లాగుతారు? కూటమిలో చిన్న పార్టీ, ముఖ్యమంత్రి వేరే పార్టీ. ఆయన చేతిలో ఏముంది?

మాష్టారు: ఆయన మంచితనం మీద నాకు మాటేమీ లేదు. మంత్రిగా ఉన్నప్పుడు శాఖ ఏం చేసిందనేదే నా ప్రశ్న. 2015లో ఒక జీవో వచ్చింది. గుళ్ళ దగ్గర దుకాణాల పాటలో హిందువులు కానివాళ్ళు పాల్గొనరాదని. శ్రీశైలం దుకాణదారుల మీదుగా ఆ తగువు సుప్రీంకోర్టుకు ఎక్కితే, 2021 డిసెంబరులో, పాటలో మతం అడ్డుపెట్టవద్దని కోర్టు చెప్పింది. అంటే గుడి మీద సర్కారు పట్టు సడలించాల్సినవాళ్ళు, అదే పట్టుతో ఇంకొకణ్ణి బయటికి తోశారు.

షావుకారు: గుడి ముందు పూలమ్మేవాడికి ఆ దేవుడి మీద భక్తి ఉండాలనుకోవడం తప్పా?

మాష్టారు: మల్లెపూలు కట్టే చేతికి కులమేమిటో, మతమేమిటో ఇన్నాళ్ళూ మన అమ్మవార్లెవరూ అడగలేదు బావగారూ. సరే, ఈ రాష్ట్రం వదిలేయండి. ఉత్తరాఖండ్‌లో మీ పార్టీదే పూర్తి మెజారిటీ. 2019లో వాళ్ళే చట్టం చేసి బదరీ, కేదారాలతో సహా యాభైకి పైగా గుళ్ళని దేవస్థానం బోర్డు కిందికి తెచ్చారు. పూజారులు రోడ్డెక్కితే 2021లో వెనక్కి తీసుకున్నారు. సభలో మైకు ముందు ఒక మాట, కుర్చీ ఎక్కాక ఇంకో మాట.

షావుకారు: మీ వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ చట్టం వస్తే ఉదారవాదులంతా ఏమన్నారు? మతం ఆస్తుల్లో సర్కారు వేలు పెట్టడమేమిటి, బోర్డులో వేరే మతంవాళ్ళేమిటి అని గగ్గోలు పెట్టారు. వక్ఫ్‌లో వేలు పెడితే జోక్యం, గుడిలో ఏకంగా చెయ్యి పెడితే సంస్కరణా? ఏం న్యాయమండీ ఇది?

మాష్టారు: ఆ దెబ్బ గట్టిగానే తగిలింది, కాదనను. కానీ అది రెండు చెంపల మీదా తగిలేదే. గుళ్ళ నుంచి సర్కారు పోవాలన్న పార్టీయే వక్ఫ్‌లోకి సర్కారుని ఇంకో రెండడుగులు లోపలికి పంపింది. ఆస్తి ప్రభుత్వానిదా వక్ఫ్‌దా అన్న తగువు ప్రభుత్వ అధికారే తేల్చాలంది. ఆ భాగాన్ని సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆపింది. మసీదుకు ఈవో లేడన్నారు గానీ, వక్ఫ్ బోర్డూ చట్టం పెట్టిన బోర్డే. కాబట్టి సూత్రం ఒకటే ఉండాలి: పూజ ఎలా చేయాలో సర్కారు చెప్పకూడదు, పదిమంది ఇచ్చిన డబ్బుకి లెక్క చెప్పకుండా ఏ పీఠమూ తప్పించుకోకూడదు. గుడికైనా, దర్గాకైనా, చర్చికైనా.

షావుకారు: లెక్క చెప్పడానికి మేం సిద్ధం. కుర్చీ వేసుకుని కూర్చోవద్దంటున్నాం. 2014లో చిదంబరం నటరాజస్వామి కేసులో సుప్రీంకోర్టు ఏమంది? అవకతవక ఉంటే సర్కారు వచ్చి సరిచేసి వెళ్ళిపోవాలి, శాశ్వతంగా తిష్ట వేయకూడదంది. మన అహోబిలం మఠం గుడికి ఈవోని వేయడం చెల్లదని 2022లో మన హైకోర్టే చెప్పింది. సుప్రీంకోర్టుకు వెళ్ళినా సర్కారుకి ఊరట దక్కలేదు. నేను చెప్పేది వీధి రాజకీయం కాదు, కోర్టులు చెప్పిందే.

మాష్టారు: బాగా చెప్పారు. ఈ వాదం కోర్టులో నిలిచే వాదమే. అయితే నేను చరిత్ర చెప్పుకుని బతికినవాణ్ణి, ఓ మాట వినండి. సర్కారు గుళ్ళని వదిలి వెళ్ళడం కొత్త ప్రయోగం కాదు. ఒకసారి చేసి చూశాం.

షావుకారు: ఎప్పుడు?

మాష్టారు: కంపెనీ దొరల కాలంలో. 1817 రెగ్యులేషన్‌తో మద్రాసు గుళ్ళ పర్యవేక్షణ కంపెనీ చేతిలోకి వెళ్ళింది. దాని మీద మొదట గోల పెట్టిందెవరో తెలుసా? క్రైస్తవ మిషనరీలు. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు కాపలా కాయడమేమిటని ఇంగ్లండుదాకా వెళ్ళి కొట్లాడారు. ‘సర్కారూ, గుడి వదులు’ అన్న నినాదం మన దేశంలో ముందు వాళ్ళదే. కంపెనీ వెనక్కి తగ్గింది. 1843లో తిరుమలని హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. 1863 చట్టంతో పూర్తిగా చేతులు దులుపుకుంది.

షావుకారు: ఆ తరువాత?

మాష్టారు: తరువాత తిరుమలలోనే, ధ్వజస్తంభం కింద బంగారు నాణేలు పాతిపెట్టామని చెప్పి రాగివి పాతారన్న కేసులో మహంతే ముద్దాయి అయ్యాడు. ఊరూరా ధర్మకర్తలు మాన్యాలు సొంతం చేసుకున్నారు. అడగబోతే ఏళ్ళ తరబడి సివిల్ కోర్టు. అప్పుడు చట్టం తెమ్మని అర్జీలు పెట్టుకున్నది హిందువులే. జస్టిస్ పార్టీ ముఖ్యమంత్రి పానగల్ రాజా, మన తెలుగువాడే, పానగంటి రామారాయణింగారు, 1922లో బిల్లు తెచ్చి 1925కి చట్టం చేయించారు. ఆయన నాస్తికుడేమీ కాదు, కాళహస్తివాడు.

షావుకారు: పానగల్ రాజా పెట్టింది బోర్డు బావగారూ, శాఖ కాదు. 1951లో బోర్డు తీసేసి కమిషనర్ని కూర్చోబెట్టారు. 1966లో మనకి విడిగా చట్టం. 1987లో ఎన్టీ రామారావుగారి హయాంలో 30వ నెంబరు చట్టంతో అర్చకుల వంశపారంపర్య మిరాశీ కూడా పోయింది. దొంగని పట్టుకోడానికి వచ్చిన పోలీసు ఇంట్లోనే మకాం పెట్టి, వంటింటి తాళం కూడా తీసుకున్నట్టుంది ఈ కథ.

మాష్టారు: మిరాశీ పోవడం మీద నాకు విచారం లేదు. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ చెప్పిందే చేశారు. 1996లో సుప్రీంకోర్టు సరేనంది. తాతకి మంత్రం వచ్చు కాబట్టి మనవడికి గుడి రావాలనడం ఎక్కడి న్యాయం? కానీ పేద అర్చకుడి పొట్ట మీద పడిందన్నది నిజమే. అందుకే 2007లో చట్టం సవరించాల్సి వచ్చింది. ఇక మంత్రిగారి బావమరిది పాలకవర్గంలో సభ్యుడు కావడం, పార్టీ మారితే బోర్డు మారడం, ఇవన్నీ నాకూ రోతే.

షావుకారు: మరి రోతని ఎందుకు మోస్తున్నారు? 2025 ఒక్క ఏడాదిలో చూడండి. జనవరిలో తిరుపతిలో వైకుంఠద్వారం టోకెన్ల దగ్గర ఆరుగురు తొక్కిసలాటలో పోయారు. ఏప్రిల్‌లో సింహాచలం చందనోత్సవంలో కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు పోయారు. అంతకుముందు తిరుమల లడ్డూ నెయ్యి గొడవ, సుప్రీంకోర్టు సిట్ వేయాల్సి వచ్చింది. అక్కడే హుండీ లెక్కించే పరకామణిలో దొంగతనం చేసినవాడి కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయిపోతే, హైకోర్టు మళ్ళీ తవ్వించింది. ఇదంతా మీ సర్కారు కాపలాలోనేగా?

మాష్టారు: కాపలాలోనే. నవంబరులో కాశీబుగ్గలో తొమ్మిదిమంది పోయింది మాత్రం దేవాదాయ శాఖ గుళ్ళో కాదు, ప్రైవేటు గుళ్ళో. ఏకాదశినాడు ఎంతమంది వస్తారో లెక్క కట్టాల్సిన మనిషే అక్కడ లేడు. ఈవో ఉన్నచోటా చచ్చారు, లేనిచోటా చచ్చారు. జవాబు చెప్పాల్సినవాడు ఎవరో ముందే రాసిపెట్టి లేకపోతే ఎవరి గుడైనా ఒకటే.

షావుకారు: సరే, డబ్బు సంగతికి రండి. నేను ఓ పెద్ద గుళ్ళో హుండీ లెక్కింపు సేవకి వెళ్ళాను. జేబుల్లేని బట్టలు వేయించి, నేల మీద వరసగా కూర్చోబెడతారు. పైన కెమెరాలు. సంచి కుమ్మరిస్తే పసుపు అంటుకుని నాలుగు మడతలు పడ్డ పది నోట్లు, తడిసి అతుక్కుపోయిన నోట్లు, మధ్యలో పిల్లకి పెళ్ళి కావాలని రాసుకున్న చీటీ, ఓ ముక్కుపుడక. వేలితో మడత విప్పి, అరచేత్తో సాపు చేసి, నూరేసి కట్టలు కట్టాలి. సాయంత్రానికి నడుం విరిగింది. ఆ పది రూపాయలు వేసిన ముసలమ్మ వెంకన్నకి వేసింది గానీ శాఖ జీతాలకి వేయలేదండీ. అందులోంచి శాతాలు కోసుకుపోవడమేమిటి?

మాష్టారు: ఆ శాతాల్లో ఒక భాగం సర్వశ్రేయో నిధికి వెళ్తుంది. ఆదాయం లేని పల్లె గుళ్ళు బాగుచేయించేది ఆ నిధితోనే. ధూపదీప నైవేద్యం పథకం కింద చిన్న గుడికి నెలకి ఐదువేలిచ్చేవారు, 2024లో పదివేలు చేశారు. కొల్లేటి లంకల్లో, మెరక ఊళ్ళలో, పూజారికి బియ్యం గింజ లేని రామాలయాలున్నాయి. ఉన్న దేవుడు లేని దేవుడికి పెట్టే ఏర్పాటు ఇది. రేపు పెద్ద గుడి దేనికదే స్వతంత్రమైపోతే, చిన్న గుడిలో దీపం ఎవరు పెడతారు?

షావుకారు: మేం పెడతాం. మా వీధి రామాలయానికి నిధి రాలేదు, ఈవో రాలేదు. ఏటా నవమికి పందిరి, పానకం, కల్యాణం అన్నీ చందాలే.

మాష్టారు: మీది మార్కెట్ వీధి బావగారూ. మీ వీధిలో చందా పుడుతుంది. కొల్లేటి గట్టున వలేసుకునేవాళ్ళ వీధిలో పుడుతుందా?

షావుకారు: కొల్లేరన్నారు కాబట్టి అడుగుతున్నాను. సర్కారు చెయ్యి పెట్టి బాగుచేసింది అక్కడేముంది? 1999లో అభయారణ్యమన్నారు, 2006లో చెరువు గట్లు పేల్చారు, మళ్ళీ చెరువులు లేచాయి. సర్కారు మంత్రదండమైతే కొల్లేరు ఇలా ఉంటుందా?

మాష్టారు: ఆ కథ ఇంకొంచెం వెనకనుంచి చెప్పండి. డెబ్బైల్లో జలగం వెంగళరావు ప్రభుత్వం పేద మత్స్యకారుల సొసైటీలకి కొల్లేటిలో చెరువులిచ్చింది. పెత్తనం సర్కారుది కాదు, సొసైటీది. పదేళ్ళు తిరిగేసరికి కాగితం మీద సొసైటీ, గట్టు మీద లీజుదారు. సంతకం మత్స్యకారులది, చేప డబ్బున్నవాడిది. సర్కారు పక్కకి తప్పుకున్నచోట ‘సమాజం’ వచ్చి కూర్చోదు, సమాజంలో బలిసినవాడు వచ్చి కూర్చుంటాడు. గుళ్ళ విషయంలో నా భయం అదే.

షావుకారు: అంటే మేమంతా దొంగలమనా?

మాష్టారు: మీరు కాదు. మీ మార్కెట్లో కాటా ఎవరు పట్టుకుంటారు?

షావుకారు: అమ్మే రైతూ కాదు, కొనే వ్యాపారీ కాదు. కాటా మనిషి వేరు.

మాష్టారు: రైతూ దొంగ కాదుగా, మీరూ దొంగ కాదుగా! అయినా కాటా మూడోవాడి చేతిలో పెట్టారు. నేను కోరేదీ అంతే.

షావుకారు: అయితే వినండి, నేనూ రాజీకి వస్తాను. మూడు మాటలు. ఒకటి, మంత్రులు, ఎమ్మెల్యేలు పాలకవర్గాలకి పేర్లు పంపే పద్ధతి పోవాలి. రెండు, లెక్కలు ఏటా బయటి ఆడిటరు చూసి, గుడి గోడ మీద తెలుగులో రాయించాలి. భూములెన్ని, కౌలెంత, తలనీలాల పాట ఎంతకి పోయింది, అన్నీ. మూడు, ఈవో ఉండొచ్చు గానీ పాలకవర్గానికి జవాబు చెప్పాలి, సెక్రటేరియట్‌కి కాదు. పాలకవర్గాన్ని భక్తులు ఎన్నుకోవాలి.

మాష్టారు: మొదటి రెండూ కళ్ళు మూసుకుని ఒప్పుకుంటున్నాను. మా ఉదారవాదులు ఈ పాటికే అడగాల్సినవి అవి. శాఖని కాపాడటంలో పడి అడగలేదు. మూడోదానికి కూడా ముచ్చటైన ఉదాహరణ ఉంది. మద్రాసులో పానగల్ రాజా చట్టం వచ్చిన 1925లోనే పంజాబులో గురుద్వారాల చట్టం వచ్చింది. అక్కడ సర్కారు బోర్డు కాదు, ఓట్లతో ఎన్నికైన కమిటీ. ఆడవాళ్ళకీ ఓటు.

షావుకారు: చూశారా! సిక్కులకి వందేళ్ళ కిందటే ఇచ్చింది మాకెందుకివ్వరు?

మాష్టారు: ఇవ్వొచ్చు. కానీ ఆ కమిటీకి సాధారణ ఎన్నికలు చివరిసారి జరిగింది 2011లో. ఇంకో సంగతి. ఓటరు ఎవరన్న తగువు ముదిరి, జుట్టు కత్తిరించుకునే సహజధారీ సిక్కులకి ఓటు లేదని 2016లో ఏకంగా పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. ఇప్పుడు మన దగ్గరికి రండి. కొల్లేటికోట పెద్దింట్లమ్మకి ఓటరు జాబితా రాయండి. ఎవరిని రాస్తారు?

షావుకారు: అమ్మవారిని నమ్మినవాళ్ళని.

మాష్టారు: ఫాల్గుణంలో జాతరకి ఏ ఊళ్ళనుంచి జనం వస్తారో మీకు తెలుసు. ఏడాదికోసారి పొంగలి పెట్టి వెళ్ళే మనిషి ఓటరేనా? చందా కట్టనివాడు? పేటలో ఉండి ఆదివారం చర్చికి వెళ్ళి, జాతరకి మాత్రం మొక్కు తీర్చడానికొచ్చే అమ్మాయి?

షావుకారు: చర్చికెళ్ళేవాళ్ళకి గుళ్ళో ఓటెందుకండీ? అది కుదరదు.

మాష్టారు: ఆవిడ చర్చికెళ్తుందని ఎవరు తేలుస్తారు? మీ కమిటీయా? ఆవిడ కాదంటే ఎవరి దగ్గరకి పోవాలి? చివరికి తహసీల్దారు దగ్గరకే. సర్టిఫికెట్టు ఇచ్చేది ఆయనే. అంటే సర్కారుని హుండీ దగ్గర్నుంచి లేపి, మనిషి మనసులోకి తోలుతున్నారు. నాకు మాత్రం సర్కారు నోట్లు లెక్కపెడుతుంటేనే నయం. మన నమ్మకాలు లెక్కపెట్టడం మొదలెడితే ఇద్దరికీ ప్రమాదం.

షావుకారు: ఇదే మీతో వచ్చిన చిక్కు. ఇల్లు ఖాళీ చేయమంటే, తరువాత ఎవరుంటారో రాసిచ్చేదాకా కదలనంటారు. కొన్నాళ్ళు కొట్టుకుంటాం, తప్పులు చేస్తాం, నేర్చుకుంటాం. పంచాయతీలకి ఓటిచ్చినప్పుడు కూడా ఇలాగే భయపెట్టారుగా?

మాష్టారు: అది నిజమైన జవాబు. పంచాయతీలో ఓటుకి మతం అడగలేదు, వయసే అడిగారు. అంతే కాదు, ఆడవాళ్ళకీ, వెనకబడినవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ సీట్లు వాటంతట అవి రాలేదు, చట్టం తెచ్చింది. 2019లో గుళ్ళ పాలకవర్గాల్లో సగం చోటు బలహీనవర్గాలకి, సగం ఆడవాళ్ళకి అన్నదీ చట్టమే. తరువాత కూటమి ప్రభుత్వం బ్రాహ్మణులకీ, నాయీ బ్రాహ్మణులకీ కుర్చీలు వేసింది. ‘సర్కారు వద్దు’ అంటే ఈ కుర్చీలు కూడా వద్దన్నట్టే. మీ సభలో ఆ మాట ఎవరైనా ఎత్తారా?

షావుకారు: ఎత్తలేదు. ఎత్తాల్సింది. కుర్చీలు తీసేయాలని మాత్రం నేను అనను.

మాష్టారు: మరి మీ రామాలయం కమిటీలో ఆడవాళ్ళెంతమంది?

షావుకారు: పదకొండుమందిమీ మగవాళ్ళమే. అయితే నవమి జమాఖర్చులన్నీ రాసేది మీ చెల్లెమ్మే. చందాలు ఎవరిచ్చారో, ఎవరు ఎగ్గొట్టారో ఆవిడకే తెలుసు. కింద సంతకం నాది.

మాష్టారు: సర్కారు లేని గుడి అది. ఆవిడ పేరు అడ్డుకున్నది దేవాదాయ శాఖ కాదుగా?

షావుకారు: కాదు. సరే, వచ్చే నవమికి ఆవిడ సంతకంతోనే లెక్క గోడ మీద పెట్టిస్తాను, పందెం. కానీ మీరూ ఒక పని చేయాలి. మీ స్నేహితులతో కలిసి ఏదైనా ఒక్క పెద్ద గుడికి దరఖాస్తు పెట్టండి. కౌలు బకాయిలు, పాటల సొమ్ము, సర్వశ్రేయో నిధికి వెళ్ళిందెంత, అక్కణ్ణుంచి ఏ పల్లె గుడికి చేరిందెంత. మా లెక్క రాగానే మీ లెక్క పక్కన పెడదాం. మాది ముందొస్తే శాఖని ఖాళీ చేయమనడంలో మీరూ మాతో గొంతు కలపాలి.

మాష్టారు: కలుపుతాను. ఆ పైన ఓటరు జాబితాలో ఆ చర్చి అమ్మాయి పేరు ఉండాలని కూడా మీ సభలోనే లేచి అడుగుతాను. అప్పుడు మైకు లాక్కోకూడదు.